చెమ్మ ఎవరిది? భిలాయి అద్దె ఇళ్లలో బూజు, ఆరోగ్యం, బాధ్యత

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో పుట్టిన ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన పట్టణం భిలాయి. నేడు ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉన్న ఈ పట్టణంలో, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన కాలం నుంచే కార్మికుల కోసం సెక్టార్ల వారీగా క్వార్టర్లు వెలిశాయి. రాయపూర్–విజయనగరం రైలుమార్గం అందుబాటులో ఉండటం వల్ల శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు పని వెతుక్కుంటూ ఇక్కడికి చేరాయి. ఖుర్సీపార్‌లో నేటికీ వీధుల్లో వినిపించే తెలుగు, సెక్టార్ 5లోని బాలాజీ మందిరం ఆ వలసకు సాక్ష్యాలు. తొలి తరం కట్టించుకున్న, లేదా కేటాయింపు పొందిన ఇళ్లలో నేడు మూడో తరం నివసిస్తుండగా, ఆ ఇళ్ల శ్లాబులకు, గోడలకు, పైపులకు కూడా అరవై ఏళ్ల వయసు మీద పడుతోంది.

ఈ పట్టణంలో సొంతం కాని ఇంట్లో ఉండటం అనేక రూపాలలో కనిపిస్తుంది. ఉక్కు సంస్థ క్వార్టర్‌లో లైసెన్సు రుసుము చెల్లించి ఉండే ఉద్యోగులు, సంస్థ దీర్ఘకాలిక లీజుకు ఇచ్చిన ఇళ్లలోని విశ్రాంత ఉద్యోగుల కుటుంబాలు, సుపేలా, ఖుర్సీపార్, క్యాంప్ ప్రాంతం, వైశాలీ నగర్, నెహ్రూ నగర్ వంటి చోట్ల ప్రైవేటు యజమానులకు నెలనెలా అద్దె కట్టేవారు, అందరూ వానాకాలంలో ఎదుర్కొనే సమస్య మాత్రం ఒకటే. జూన్ మధ్యలో రుతుపవనాలు ప్రవేశించి సెప్టెంబరు చివరికి వెనుదిరిగేలోపు, ఏడాది మొత్తానికి కురిసే సుమారు 1,200 మిల్లీమీటర్ల వానలో అధిక భాగం కురిసిపోతుంది. జూలై, ఆగస్టు నెలల్లో ముసురు పట్టిన రోజుల్లో గాలిలోని సాపేక్ష తేమ, అంటే ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి మోయగల నీటి ఆవిరిలో నిజంగా ఉన్న వంతు, 80 శాతాన్ని దాటి నిలిచిపోతుంది. అప్పుడే గోడల మూలల్లో నల్లటి చుక్కలు, బీరువా వెనుక తెల్లటి నూగు, పరుపుల్లో ముక్క వాసన బయటపడతాయి.

ఈ మచ్చను తుడవడం పైనే సాధారణంగా ఇంట్లో ఉండేవారి దృష్టి ఉంటుంది, రంగు వేయించడం పైనే యజమాని దృష్టి ఉంటుంది. అయితే బూజు అనేది నీటి జాడ మాత్రమే కాబట్టి, ఆ నీరు ఏ దారిన వచ్చిందో తేల్చనిదే వైద్యం గానీ, శుభ్రత గానీ, ఖర్చు ఎవరు భరించాలన్న తగవు గానీ ఒక కొలిక్కి రావు.

బూజు జీవనవిధానం

బూజు శిలీంద్రాల వర్గానికి చెందిన జీవి. మొక్కలలా సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకోలేదు కాబట్టి, అది దొరికిన సేంద్రియ పదార్థాన్ని తన ఎంజైములతో కరిగించి పీల్చుకుంటుంది. కంటికి కనిపించే మచ్చ నిజానికి శిలీంద్ర తంతువులు అనే సన్నని దారపు పోగుల అల్లిక. ఆ అల్లిక పైభాగాన లక్షల సంఖ్యలో తయారయ్యే సిద్ధబీజాలు, అంటే కొత్త బూజుకు విత్తనాల వంటి సూక్ష్మ రేణువులు, గాలిలో తేలుతూ వ్యాపిస్తాయి. వీటిలో చాలావాటి పరిమాణం 2 నుంచి 10 మైక్రోమీటర్ల మధ్య ఉంటుంది కాబట్టి, చిన్నవి ముక్కును దాటి ఊపిరితిత్తుల లోతు వరకు చేరగలవు. ఇంట్లో తరచుగా కనిపించే ఆస్పర్జిల్లస్, పెన్సిలియం, క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా అనే ప్రజాతులు బయటి గాలిలోనూ ఎప్పుడూ ఉంటాయి. అందువల్ల సిద్ధబీజాలు లేని ఇల్లు అనేది సాధ్యం కాదు.

సాధ్యమైనది వాటికి నీరు అందకుండా చూడటమే. తడిసిన పదార్థం 24 నుంచి 48 గంటల్లో ఆరిపోతే బూజు సాధారణంగా నిలదొక్కుకోదు. ఆరకపోతే గోడకు వేసిన డిస్టెంపర్‌లోని జిగురు, పెయింట్‌పై పేరుకున్న వంటనూనె జిడ్డు, దుమ్ము, ప్లైవుడ్, అట్టపెట్టెలు, దూది పరుపు, చివరికి తోలుచెప్పులు కూడా దానికి ఆహారమవుతాయి. సున్నం వేసిన పాత గోడల్లో బూజు ఆలస్యంగా పట్టడానికి కారణం, కొత్త సున్నానికి ఉండే తీవ్రమైన క్షారగుణం. కాలం గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఆ గుణం తగ్గిపోతుంది కాబట్టే ఏటా సున్నం కొట్టే ఆనవాయితీకి అందంతో పాటు ఆరోగ్యపరమైన ప్రయోజనం కూడా ఉండేది. గోడ మీద కనిపించే ప్రతి తెల్లదనమూ బూజు కాదు: ఇటుక, సిమెంటులోని లవణాలు నీటితో పాటు పైకి వచ్చి, నీరు ఆవిరయ్యాక పొడిగా మిగిలిపోతాయి. ఆ పొడిపై నీటిచుక్క వేస్తే కరిగిపోతే అది లవణం, కరగకుండా నూగులా అణిగితే అది బూజు. అయితే లవణం కనిపించినా గోడలో నీరు నడుస్తోందనే అర్థం.

నీరు వచ్చే నాలుగు దారులు

మొదటి దారి పైకప్పు. చదునైన కాంక్రీటు శ్లాబుకు వాలు తక్కువైనా, నీరు పోయే గొట్టం ఆకులతో మూసుకుపోయినా, శ్లాబు మీద నిలిచిన నీరు సన్నని బీటల్లోంచి దిగి, లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును నెట్టడం వల్ల పెచ్చులూడతాయి. భిలాయి టౌన్‌షిప్‌లో ఏటా వానలకు ముందు వినిపించే తార్‌ఫెల్టింగ్ ఈ ఉరుపును ఆపడానికే: తారు పూసి, దాని మీద నారతో చేసిన పట్టీలు పరిచి, మళ్లీ తారుతో అతికించే ఈ పొర ఎండకు పెళుసెక్కి కొన్నేళ్లకే బీటలు వారుతుంది కాబట్టి దానిని మళ్లీ మళ్లీ వేయాల్సి వస్తుంది. కప్పు నుంచి కురిసే నీటికి గుర్తు, ప్రతి పెద్ద వాన తరువాత విస్తరించి, ఎండ కాసిన రోజుల్లో గోధుమరంగు అంచుతో మిగిలే మరక.

రెండవది నేల. పునాదికి, గోడకు మధ్య చెమ్మను ఆపే పొర లేకపోయినా, పాడైపోయినా, ఇటుకలోని సన్నని రంధ్రాల గుండా నేలలోని నీరు దానంతట అదే పైకి ఎక్కుతుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు అడ్డపట్టీలా పెయింట్ ఉబ్బి రాలడం, దాని పైన లవణపు గీత ఏర్పడటం దీని లక్షణాలు. ఇంటి చుట్టూ నేలను, వీధిని ఎత్తు పెంచి ఇంటి నేల మట్టం కిందికి దిగిపోయిన పాత బస్తీలలో ఇది ఎక్కువ.

మూడవది పైపులు. స్నానాలగది గోడకు అవతలి వైపున, లేదా పై అంతస్తు మరుగుదొడ్డి కిందన, ఏప్రిల్, మే నెలల ఎండలో కూడా తడిగానే ఉండే మచ్చ ఉంటే అది వానకు సంబంధించినది కాదు. ఈ ఒక్క పరిశీలన చాలా తగవులను తీర్చగలదు.

నాలుగవ దారి గదిలోని గాలి. 28 డిగ్రీల వేడి, 90 శాతం తేమ ఉన్న గాలి, సుమారు 26 డిగ్రీల చల్లదనం గల గోడను తాకగానే అందులోని ఆవిరి నీటిబిందువులుగా మారుతుంది; వంట ఆవిరి, స్నానపు ఆవిరి, గదిలోనే ఆరవేసిన బట్టలు దీనికి తోడవుతాయి. గోడకు ఆనించిన బీరువా వెనుక, కిటికీల చుట్టూ, కప్పు మూలల్లో చెదురుమదురు నల్లటి చుక్కలు ఈ రకానికి చెందినవి. అనుమానం ఉన్నప్పుడు అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు ఉంచితే, గోడవైపు తడి చేరితే నీరు గోడలోంచి వస్తోందని, గదివైపు తడి చేరితే గాలిలోంచి వస్తోందని తెలుస్తుంది. తేమను కొలిచే చిన్న పరికరం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. గదిలో తేమను 60 శాతానికి లోపల ఉంచాలన్నది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచన.

ఊపిరిపై ప్రభావం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మ, బూజులపై వెలువరించిన మార్గదర్శకాలలో, చెమ్మ పట్టిన ఇళ్లలో నివసించేవారికి శ్వాసకోశ వ్యాధులు, అలర్జీలు, ఉబ్బసం ఎక్కువగా కనిపిస్తాయని పేర్కొంటూనే, ఇంతకు మించితే ప్రమాదమని చెప్పదగిన సిద్ధబీజాల సంఖ్యను నిర్ణయించలేమని స్పష్టం చేసింది. అంతకు రెండేళ్ల ముందు, 2007లో, అమెరికా పరిశోధకులు అనేక అధ్యయనాలను కలిపి లెక్కించగా, చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం వంటి సమస్యలు 30 నుంచి 50 శాతం వరకు ఎక్కువని తేలింది. కాబట్టి డబ్బు పోసి ఏ జాతి బూజో పరీక్ష చేయించుకోవడం కంటే, కంటికి కనిపించే మచ్చ, ముక్కుకు తెలిసే వాసన చాలని భావించి చెమ్మను తొలగించడమే మేలు.

శరీరంలో జరిగే మార్పు ప్రధానంగా అలర్జీ. రోగనిరోధక వ్యవస్థ సిద్ధబీజాలను శత్రువుగా పొరబడటం వల్ల తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద మొదలవుతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది. తేమ గల ఇళ్లలో పరుపులను ఆశ్రయించే ధూళిపురుగులు కూడా ఇదే పని చేస్తాయి కాబట్టి రెండింటి లక్షణాలను విడదీయడం కష్టం. పసిపిల్లలు, వృద్ధులు, ఉబ్బసం ఉన్నవారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు ముందుగా ప్రభావితమవుతారు.

ఉబ్బసం ఉన్న కొందరిలో ఆస్పర్జిల్లస్ శ్వాసనాళాల్లోని కఫంలోనే స్థిరపడి, దానిపై శరీరం తీవ్రంగా స్పందించే స్థితిని వైద్యులు ఏబీపీఏ అంటారు. తగ్గని దగ్గు, గోధుమరంగు గట్టి కఫం, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చలు చూసి దీనిని క్షయగా పొరబడి నెలల తరబడి క్షయ మందులు వాడిన సందర్భాలు భారతదేశంలో తరచుగా నమోదయ్యాయి. రక్తంలో ఐజీఈ అనే ప్రతిరక్షక పదార్థపు మొత్తాన్ని, ఆస్పర్జిల్లస్‌కు ప్రత్యేకించిన ఐజీఈని కొలవడం ద్వారా దీనిని గుర్తించి, స్టెరాయిడ్లతో, శిలీంద్ర నాశక మందులతో వైద్యుల పర్యవేక్షణలో అదుపు చేయవచ్చు.

రెండు భయాలను మాత్రం విడిగా చూడాలి. 2021లో కోవిడ్ రెండో ఉధృతి సమయంలో బ్లాక్ ఫంగస్‌గా పేరుపడిన మ్యూకర్‌మైకోసిస్, అదుపులో లేని మధుమేహం, స్టెరాయిడ్ల అధిక వాడకం ఉన్నవారిని పట్టిన వేరొక శిలీంద్రపు వ్యాధి. గోడ మీది నల్లమచ్చకు ఆ పేరు వర్తించదు. అలాగే 1993–94లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పసిపిల్లల ఊపిరితిత్తుల రక్తస్రావానికి స్టాకిబోట్రిస్ అనే నల్లబూజు కారణమని ప్రచారం జరిగినా, 2000లో ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ ఆ సంబంధం నిరూపణ కాలేదని ప్రకటించింది. బూజు రంగును బట్టి విషాన్ని నిర్ణయించడానికి ఆధారం లేదు. ఏ రంగు బూజునైనా తొలగించవలసిందే.

కూలర్ అనే చెమ్మ యంత్రం

మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరువయ్యే భిలాయిలో కిటికీకి బిగించిన కూలర్ మధ్యతరగతి ఇంటికి ప్రాణావసరం. పొడిగాలి తడి గడ్డిపలకల గుండా పోతూ చల్లబడటం దాని సూత్రం కాబట్టి, వేసవిలో అది ఉపకరిస్తుంది. వానలు మొదలయ్యాక అదే యంత్రం గదిని చల్లబరచలేక, ఉన్న తేమకు మరింత తేమను జోడిస్తుంది. కదలని తొట్టినీరు, మార్చని గడ్డిపలకలు శిలీంద్రాలకు అనువైన చోటు అవుతాయి.

2012 నుంచి 2015 వరకు దేశంలోని 19 నగరాల్లో 27 వైద్యకేంద్రాలు, ఊపిరితిత్తుల కణజాలం గట్టిపడే వ్యాధులు గల 1,084 మంది వివరాలను నమోదు చేయగా, వారిలో 47.3 శాతం మందికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమొనైటిస్, అంటే పీల్చిన సేంద్రియ ధూళికి ఊపిరితిత్తులు వాచిపోయే జబ్బు, ఉన్నట్లు తేలింది. ఆ జబ్బు గలవారిలో 48.1 శాతం మంది ఎయిర్ కూలర్ల వాడకాన్ని పేర్కొన్నారు. దేశంలో కూలర్ల వాడకమే విస్తృతం కాబట్టి ఈ లెక్క కారణాన్ని నిరూపించదు, అయినా తొట్టిని వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టడం, పలకలను ఏటా మార్చడం, వానలు పడగానే కూలర్‌ను ఆపి పూర్తిగా ఆరనిచ్చి పక్కన పెట్టడం అనే జాగ్రత్తలకు ఇది తగిన కారణం.

తుడిచే పద్ధతి

నీటి దారి మూసుకున్నాకే శుభ్రత మొదలవ్వాలి. పది చదరపు అడుగులకు లోపు ఉన్న మచ్చను ఇంటివారే తొలగించుకోవచ్చు. అంతకు మించితే పనివారి సాయం అవసరం. ఉబ్బసం ఉన్నవారిని, పిల్లలను మరో గదికి పంపి, కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, ఎన్95 మాస్కు, చేతి తొడుగులు ధరించాలి. పొడి చీపురుతో, బ్రష్‌తో గీకితే సిద్ధబీజాలు గాలిలోకి లేస్తాయి కాబట్టి, ముందుగా నీరు చిలకరించి, బట్టల సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేసి, గోడను ఆరబెట్టాలి. బ్లీచింగ్ ద్రావణం నునుపైన టైళ్ల మీద కొంత పనిచేసినా, ప్లాస్టరు లోపలికి దిగిన తంతువులను చేరలేదు. దానిని మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో గానీ, అమోనియా గల ద్రావణంతో గానీ కలిపితే ప్రాణాంతకమైన వాయువులు వెలువడతాయి. బూజు లోపలికంటా పట్టిన దూది పరుపు, ఉబ్బిన ప్లైవుడ్ తిరిగి బాగుపడవు.

తడి గోడకు పుట్టీ పెట్టి ప్లాస్టిక్ పెయింట్ వేయడం అత్యంత సాధారణమైన తప్పు. లోపలి నీరు బయటికి ఆవిరయ్యే దారి మూసుకుపోవడంతో కొన్ని నెలల్లోనే పెయింట్ బుడగలుగా ఉబ్బి, కింద మరింత బూజుతో ఊడివస్తుంది. అందుకే అద్దెకు ఇల్లు చూసుకునేవారు, ఒక్క గోడకు మాత్రమే కొత్త రంగు ఉంటే అనుమానించడం, అల్మరా తలుపులు తెరిచి వాసన చూడటం, వీలైతే వానల్లోనే ఇల్లు చూడటం మంచిది.

ఎవరి బాధ్యత

అద్దె ఇంటి చిక్కంతా ఇక్కడుంది: శ్లాబు, పైపు, పునాది యజమాని చేతిలో ఉంటాయి, ఆ గాలిని పీల్చేది మాత్రం కిరాయిదారు. బ్రిటన్‌లోని రోచ్‌డేల్‌లో ఒక సామాజిక అద్దె ఫ్లాట్‌లో నివసించిన అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాలుడు 2020 డిసెంబరులో మరణించగా, ఇంట్లోని బూజుకు దీర్ఘకాలం గురికావడమే కారణమని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. తండ్రి 2017 నుంచే ఫిర్యాదు చేస్తున్నా, ఆ కుటుంబపు జీవనశైలినే తప్పుపట్టడం జరిగింది. ఆ బాలుడి పేరిట వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లోని సామాజిక అద్దె ఇళ్లకు అమలవుతున్నాయి. వాటి ప్రకారం అత్యవసర ప్రమాదాన్ని 24 గంటల్లో సరిచేయాలి, తీవ్రమైన చెమ్మ, బూజు ఫిర్యాదును 10 పనిదినాల్లో పరిశీలించాలి.

భారతదేశంలో బూజుకంటూ ప్రత్యేక చట్టం లేకపోయినా, మరమ్మతులకు వర్తించే చట్టం ఉంది. యజమాని చేయవలసిన మరమ్మతును తెలియజేసినా సహేతుకమైన వ్యవధిలో చేయకపోతే, ఒప్పందంలో వేరేలా రాసుకోని పక్షంలో, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ చెబుతుంది. తన చేష్ట వల్ల కలిగిన నష్టాన్ని కిరాయిదారే సరిచేయాలని కూడా అదే సెక్షన్ నిర్దేశిస్తుంది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలయ్యేదైనా, కట్టడపు మరమ్మతులు, గోడలకు సున్నం, పైపుల మార్పిడి యజమాని వంతని స్పష్టంగా విభజించింది. ఛత్తీస్‌గఢ్ 2011లో తన అద్దె నియంత్రణ చట్టాన్ని చేసుకుని, రెంట్ కంట్రోలర్లను, వారిపై ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసింది. సంస్థ క్వార్టర్‌లో ఉన్న ఉద్యోగి ఫిర్యాదు టౌన్‌షిప్ నిర్వహణ విభాగానికి వెళ్లాలి. ఆ ఉద్యోగి నుంచి అనధికారికంగా క్వార్టర్‌ను అద్దెకు తీసుకున్న మూడో వ్యక్తికి మాత్రం ఫిర్యాదు చేసుకునే చోటే ఉండదు.

ముందు చెప్పిన నాలుగు దారులే ఈ పంపకానికీ కొలబద్ద కాగలవు. కప్పు, నేల, పైపుల ద్వారా వచ్చే చెమ్మ కట్టడానికి సంబంధించినది కాబట్టి యజమానిది. గాలిలోంచి చేరే చెమ్మలో వంటగదికి, స్నానాలగదికి గాలి పోయే ఏర్పాటు కల్పించడం యజమానిది, ఆ ఏర్పాటును వాడుకోవడం, బీరువాను గోడకు జానెడు దూరం జరపడం, బట్టలు బయట ఆరవేయడం కిరాయిదారుది. ఈ విభజన నిలబడాలంటే ఆధారం ఉండాలి: ఇంట్లో చేరిన రోజునే గోడల ఫొటోలు తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకోవడం, చెమ్మ కనిపించిన తేదీని, వానకు దానికి గల సంబంధాన్ని రాసిపెట్టడం, నోటిమాటతో సరిపెట్టక వాట్సాప్ సందేశం గానీ ఉత్తరం గానీ పంపడం, వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు ఇంట్లోని చెమ్మ సంగతి కూడా చెప్పడం అవసరం. రిజిస్ట్రేషన్ తప్పించుకునేందుకు అలవాటుగా రాసుకునే పదకొండు నెలల ఒప్పందం ఏటా తిరగరాయక తప్పదు కాబట్టి, ఆ తిరగరాతను ఏప్రిల్, మే నెలలకు జరుపుకుని, శ్లాబు, గొట్టాల తనిఖీ వానలకు ముందే యజమాని ఖర్చుతో జరగాలన్న ఒక్క వాక్యాన్ని అందులో చేర్చుకుంటే, మరమ్మతుకు వీలైన పొడి రోజులు ఇరుపక్షాలకూ మిగులుతాయి.